ఒంటి పుస్తె

ముందుగా తప్పులు మన్నించమని అడుగుతున్నాను. నేను అక్షరాలు దిద్దింది యాభై ఎనిమిదో ఏట. ఒత్తులు ఇప్పటికీ నా చేతికింద జారిపోతుంటాయి. ఒక్క పేజీకి రెండు రోజులు పడుతుంది, అందుకని కథ కూడా నా చేతిలాగే మెల్లగా నడుస్తుంది. టైములు మాత్రం తప్పు రాయలేదు. అవి రేణు నోట్‌బుక్‌లో ఉన్నవి, చూసి దించుకున్నాను.

ఆ శనివారం ఉదయం ఏడూ ముప్పై ఐదుకి రేణు పై ఇంట్లోంచి మెట్లు దిగివచ్చి నా తలుపు కొట్టింది. రేణు ప్రైవేట్ డిటెక్టివ్. హెర్న్‌డన్‌లో వాళ్ళ ఇంటి బేస్‌మెంట్‌లో నేను అప్పట్లో అద్దెకుండేదాన్ని.

"పిన్నీ, మెషిన్ తీసుకో. అనీష్‌కి నది ఒడ్డున పుస్తె దొరికిందట."

మెషిన్ అంటే మెటల్ డిటెక్టర్. మా ఆయనది. ఆయన హోటల్లో వంట చేసేవాడు. సెలవు రోజున ఈ మెషిన్ భుజాన వేసుకుని, పాత ఫార్మ్‌ల యజమానుల దగ్గర అనుమతి అడిగి, వాళ్ళ పొలాల్లో నేలను వినేవాడు. నేను పక్కన గుడ్డ పరుచుకుని పాత సీసాలు తవ్వేదాన్ని. ఆయన పోయాక మెషిన్ కూడా నేనే పట్టుకున్నాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే లోకం దూరంగా వెళ్ళిపోతుంది. నేల అడుగున ఎవరో నిద్రలో గొణుగుతున్నట్టు వినిపిస్తుంది. ఇనుము కప్పలా బెకబెకమంటుంది. వెండి చిన్న గంటలా మోగుతుంది. బంగారం మాత్రం పెద్దగా పలకదు, సిగ్గుపడుతున్నట్టు మెత్తగా పిలుస్తుంది.

కారులో రేణు కేసు మళ్ళీ ఒకసారి తిరగేసింది. అనీష్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్. అతని భార్య నమ్రత కనబడక పంతొమ్మిది రోజులు. ఆమె కారు పొటోమాక్ నది ఒడ్డున పడవలు దింపే రేవు దగ్గర దొరికింది. తాళాలూ, ఫోనూ కారులోనే ఉన్నాయి. డైవర్లు మూడు రోజులు నీళ్ళలో దిగారు, ఏమీ దొరకలేదు. నాలుగో రోజున అనీష్ మా ఇంటికొచ్చి, రేణు ముందు కూర్చుని, మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. "బతికుందో లేదో అది ఒక్కటే చెప్పండి మేడమ్, ఇంకేం అడగను" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్న కోసమే మేము తిరుగుతున్నాం.

ఎనిమిదీ పదిహేనుకి అక్కడికి చేరాం. రేవు పక్కనే ఒక పాత ఫార్మ్. నది కనబడలేదు, మంచులో దాని చప్పుడు మాత్రం వస్తోంది. చెట్ల మొదళ్ళు కూడా మంచులో కరిగిపోయి, పైకొమ్మలు గాలిలో వేలాడుతున్నట్టున్నాయి. ఒడ్డుకి పైన నూరేళ్ళ కిందట ఆ ఫార్మ్ వాళ్ళు చెత్త పారబోసిన మిట్ట ఉంది. అందులోంచి పగిలిన సీసాల అంచులు నీలంగా, తేనెరంగులో, లేత ఆకుపచ్చగా తొంగిచూస్తున్నాయి. నా కాళ్ళు వాటంతటవే అటు తిరిగాయి. రేణు చెయ్యి పట్టి లాగింది.

అనీష్ బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉన్నాడు. మెడలో హెడ్‌ఫోన్స్, మోకాళ్ళకి బురద. అతనికి అటువైపు, కారుకి ఆనుకుని, కాగితం కప్పుతో కాఫీ తాగుతూ రాజ్. అతనూ డిటెక్టివే. నమ్రత అక్క అవని జెర్సీ సిటీలో ఉంటుంది, రాజ్‌ని పెట్టుకుంది ఆవిడ. ఇక్కడే పుట్టి పెరిగిన కుర్రాడు. తెలుగు మాట్లాడితే పళ్ళూడిన పిల్లాడు అరిసె కొరికినట్టుంటుంది.

"వచ్చారా రేణు గారు? లేట్. కేస్ ఓవర్," అన్నాడు రాజ్. "షీ ఈజ్ గాన్. రివర్ తీసుకెళ్ళింది. ఇప్పుడు ఏం చేస్తారు, రివర్‌ని అరెస్ట్ చేస్తారా?"

"శవం లేకుండా కేసు మూసే డిటెక్టివ్‌ని నిన్నే చూస్తున్నాను రాజ్. కాఫీ తాగు, చల్లారిపోతుంది."

రేణు అనీష్ ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"ఎన్నింటికి దొరికింది?"

"సిక్స్ ఫార్టీ."

"అప్పటికి తెల్లారలేదు."

"హెడ్‌ల్యాంప్ ఉంది. రోజూ అదే టైమ్ మేడమ్. ఆఫీస్‌కి ముందు రెండు గంటలు. తాళ్ళు కట్టి వరసలు వేసుకున్నాను, చూడండి. ఇది పదిహేనో వరస."

చూశాను. గడ్డి మీద తెల్లటి నూలు తాళ్ళు, అడుగు అడుగున్నర ఎడంతో, నీటి అంచు దాకా. ఏ రైతూ అంత తిన్నగా చాలు దున్నలేడు.

"మాకు ఫోన్ చేసింది ఏడున్నరకి. ఆ యాభై నిమిషాలు?"

"ఊరికే కూర్చుండిపోయాను. తర్వాత అవనికి చేశాను, మీకు చేశాను."

"ఈ వారమంతా ఎక్కడెక్కడున్నావు?"

"ఇక్కడ, ఆఫీస్‌లో, ఇంట్లో. ఆఫీస్‌లో బ్యాడ్జ్ రికార్డ్ ఉంటుంది. నన్ను డౌట్ పడుతున్నారా?"

"అందరినీ పడతాను. ఈ వారం రోజూ ఉదయం వచ్చావా?"

"లేదు. మంగళవారం ఒక్క రోజు రాలేదు. ఏడింటికి ఆఫీస్‌లో రిలీజ్ ఉంది. ముందు నుంచే ఇంట్లో క్యాలెండర్‌లో రాసి ఉంది."

రేణు రాసుకుంది. నేను అడిగాను, "మెషిన్ ఎంత చూపించింది బాబూ?"

అడుగున ఉన్న లోహాన్ని బట్టి మెషిన్ మీద ఒక నంబర్ పడుతుంది. అతని మొహం వెలిగింది. మెషిన్ పట్టినవాళ్ళందరికీ అంతే, ఎంత బాధలోనైనా నంబర్ అడిగితే చెబుతారు. "ఫిఫ్టీ ఎయిట్, ఆంటీ. ఎటునుంచి ఊపినా కదల్లేదు. సోడా డబ్బా రింగ్ అనుకున్నా. కానీ టోన్ గుండ్రంగా ఉంది. తవ్వితే గడ్డి చాపలా లేచొచ్చేసింది. నాలుగు అంగుళాల లోతులో ఇది."

అరచేయి చాపాడు. రూపాయి బిళ్ళ కంటే చిన్నది, మధ్యలో బొడిపె. కొత్త పుస్తె, అంచు ఇంకా పదునుగా ఉంది. వెనకవైపు వాళ్ళ ఇంటిపేరు మొదటి అక్షరం చెక్కి ఉంది.

"మా అమ్మ దగ్గరుండి చేయించింది," అన్నాడు. "ఇదొక్కటీ విడిగా చేయించింది. నాకు బాగా గుర్తు."

నేను గొయ్యి దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. మా పనిలో ఒక మర్యాద ఉంది. గడ్డిని మూడువైపులా కోసి, నాలుగో వైపు వదిలేసి, పుస్తకం అట్టలా వెనక్కి తిప్పాలి. మట్టి గడ్డి మీద పడకుండా గుడ్డ మీద పోయాలి. పని అయ్యాక మట్టి నింపి, అట్ట మూసి, కాలితో అదమాలి. వారం తిరిగేసరికి ఎవరూ తవ్వినట్టే ఉండదు. ఇక్కడ అట్టకి రెండు కోతలున్నాయి. ఒకటి అనీష్‌ది, ఈ ఉదయానిది, గడ్డి వేళ్ళు తెల్లగా తెగి ఉన్నాయి. రెండోది దాని లోపలగా, కాస్త చిన్నగా ఉంది. అక్కడ వేళ్ళ కొసలు గోధుమరంగుకి తిరిగాయి. ఆ అట్ట కింద, మట్టిలో, పసుపుపచ్చ ఆకు ఒకటి నలిగి ఉంది. ఈ చెట్లు ఆకు రాల్చడం మొదలుపెట్టి పది రోజులు కాలేదు. నమ్రత పోయి పంతొమ్మిది రోజులు. అంటే ఆమె కనబడకుండా పోయాకే ఎవరో దీన్ని పాతారు. గుడ్డ పరిచి తవ్వారు, చుట్టూ గడ్డి మీద ఒక్క మట్టి రేణువు లేదు.

ఈ సంగతి రేణు చెవిలో చెబుదామని లేచాను. లేస్తూ అనీష్ అరచేతిలోకి మళ్ళీ చూశాను. అప్పుడు వచ్చింది నాకు అసలు అనుమానం. సంతోషం కూడా వచ్చింది, అదే నా కొంప ముంచింది. నా నోరు నాకంటే ముందు పరిగెత్తింది.

"ఇది మెట్టినింటి పుస్తె కదా! మరి పుట్టింటిదేదీ? ఆ పిల్ల దాన్ని ఉంచేసుకుందా?"

రాజ్ చేతిలో కాఫీ ఒలికింది.

అనీష్ మెల్లగా తలెత్తాడు. "ఉంచుకోవడం అంటే ఏంటి ఆంటీ? బతికుందనా?"

రేణు నావైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. "అలా అనలేం," అంది. "తాడు తెగి పడిపోయి ఉండొచ్చు."

"తెగితే రెండోది కూడా ఇక్కడే ఉండాలిగా. నల్లపూసలు గాజు, మెషిన్‌కి వినబడవు, ఓకే. పుస్తె వినబడాలి కదా. పదిహేను వరసలు చూశాను. లేదు." అతను హెడ్‌ఫోన్స్ మెడలోంచి తీసి, వైరు చుట్టడం మొదలుపెట్టాడు. నింపాదిగా, ఒక్కొక్క చుట్టూ సమానంగా. ఏడుస్తాడేమో, దేవుడికి దణ్ణం పెడతాడేమో అని నేను చూస్తున్నాను. "అయితే ఎవరు దాచారు?" అన్నాడు.

బాగుందా అని అడగలేదు. ఎక్కడుందో పాపం అనలేదు. ఎవరు దాచారు అన్నాడు.

"నాకు ఏదైనా పోతే నిద్ర పట్టదు ఆంటీ," అని నవ్వాడు. "మీకు తెలుసుగా, మన హాబీయే అంత. ఒక వరస అయ్యాక ఇంకో వరస. ఒక్క అడుగు వదలకూడదు. ఇంక ఆమె ఫ్రెండ్స్, కజిన్స్, టెంపుల్స్, షెల్టర్స్. వరసగా వెళ్తాను. ఆఫీస్‌కి లీవ్ పెడతాను." లేచి వెళ్ళి తన కారు డిక్కీ తెరిచి, బూట్ల బురద గీకడం మొదలుపెట్టాడు.

రేణు రాజ్ మోచేయి పట్టుకుని సీసాల మిట్ట వెనక్కి లాక్కెళ్ళింది. నేనూ వెళ్ళాను. అక్కడ మంచు ఇంకా చిక్కగా ఉంది. మా ముగ్గురి మొహాలు తప్ప ఏమీ కనబడటం లేదు. గుసగుసగా నేను ఆకు సంగతి, లోపలి కోత సంగతి చెప్పాను.

"రాజ్," అంది రేణు. "అవనికి ఫోన్ వచ్చింది ఏడున్నరకి. జెర్సీ సిటీ నుంచి ఇక్కడికి ఎంత లేదన్నా నాలుగు గంటలు. నేను వచ్చేసరికి నీ కాఫీ సగం అయిపోయింది."

"మోటెల్‌లో ఉన్నాను. నియర్ బై."

"ఎప్పట్నుంచి?"

అతను కప్పులోకి చూశాడు.

"మంగళవారం నుంచా?"

"మండే నైట్," అన్నాడు చివరికి. "రేణు గారు, ప్లీజ్. గట్టిగా మాట్లాడొద్దు. షీ ఈజ్ ఓకే. సేఫ్‌గా ఉంది."

నేను మిట్ట మీద కూర్చుండిపోయాను.

"మార్చ్‌లో చేయి విరిగింది. మెట్ల మీంచి పడ్డాను అని చెప్పింది హాస్పిటల్‌లో. సమ్మర్‌లో మళ్ళీ. ఫోన్ అతనే చెక్ చేస్తాడు. కార్ మైలేజ్ రాసుకుంటాడు. ఒకసారి అవని దగ్గరికి వచ్చేసింది, తొమ్మిది గంటల్లో వచ్చి తీసుకెళ్ళిపోయాడు. చనిపోయింది అనుకుంటేనే ఆపుతాడు. అతను పోలీస్‌ని నమ్మడు, మనుషుల్ని నమ్మడు. ఓన్లీ మెషిన్‌ని నమ్ముతాడు. అందుకే... ప్లాన్ నాది."

"తవ్వింది?"

"తనే. ట్యూస్‌డే మార్నింగ్ సెవెన్ టెన్. నేను రోడ్ మీద కాపలా ఉన్నాను. ఎనిమిది ఇయర్స్ అతని పక్కన గుడ్డ పట్టుకుని కూర్చుందట, ఎలా తవ్వాలో బాగా తెలుసు అంది. మంగళసూత్రం పెట్టేశాను అంది. నేను ఓకే అన్నాను."

"ఒక్కటే పెట్టిందని చూడలేదా?"

"ఒక్కటి అంటే?" అతను నిజంగా అయోమయంగా చూశాడు. "అవి టూ ఉంటాయా?"

రేణు నుదురు కొట్టుకుంది. "ఖర్మ. మీ అమ్మ మెడలో ఎప్పుడూ చూడలేదా నువ్వు?"

"మామ్ వేసుకోదు. ఫొటోలో చూశాను. ఐ థాట్ ఇట్స్ ఎ డిజైన్."

"ఒకటి అత్తింటివాళ్ళు చేయిస్తారు బాబూ," అన్నాను నేను. "ఇంకోటి పుట్టింటివాళ్ళు పెడతారు. రెండూ ఒకే తాడుకి కడతారు. ఆ పిల్ల మీ మాట విని అత్తింటిది పాతిపెట్టేసింది. అమ్మ పెట్టింది మట్టిలో పెట్టడానికి చెయ్యి రాలేదు."

 మంచు వెనక నది ఎవరికో జోల పాడుతున్నట్టు పోతోంది.

"ఇప్పుడే తనకి ఫోన్ చేసి చెబుతాను..." అని రాజ్ ఫోన్ తీశాడు.

రేణు లాక్కుంది. "పిచ్చా? అటు చూడు."

మంచులో అనీష్ కారు ఎర్ర లైట్లు వెలిగాయి. కానీ కారు కదల్లేదు. ఇంజన్ ఊరికే తిరుగుతోంది.

"అతనికి దారి తెలియదు," అంది రేణు. "మనకి తెలుసని కనిపెట్టాడు. నీ చేతిలో కాఫీ ఒలికినప్పుడు నీ మొహమే చూశాడు. మనలో ఎవరు ముందు కదిలితే వాళ్ళ వెనక వస్తాడు. ఈ రోజు కాకపోతే రేపు. నువ్వు ఎన్ని రోజులు ఆమె దగ్గరికి వెళ్ళకుండా ఉండగలవు?"

"మీ పిన్ని నోరు మూసుకుని ఉంటే అయిపోయేది!"

"నువ్వు రెండు లెక్కపెట్టడం నేర్చుకుని ఉంటే అయిపోయేది!"

"నా క్లయింట్ సిస్టర్ చచ్చిపోతుంది రేణు గారు!"

"నా క్లయింట్ చంపుతాడని నాకు తెలుసా? పదిహేను రోజులు అతనికి అన్నం పెట్టి ఓదార్చాను నేను!"

వాళ్ళు అలా అతనికి వినబడకుండా గుసగుసల్లోనే కొట్లాడుకుంటూ మిట్ట దాటి బయటికొచ్చారు. అనీష్ కారు అద్దం దించి వాళ్ళనే చూస్తున్నాడు. నేను వాళ్ళ వెనకే వచ్చి అతని దగ్గర ఆగాను.

"బాబూ, ఆ రెండో పుస్తె ఎలా ఉంటుంది? చూస్తే గుర్తుపడతావా?"

"ఎందుకు గుర్తుపట్టను? రౌండ్‌గా, గోల్డ్. సేమ్ టైప్."

"దాని మీద ఏమైనా ఉంటుందా? పువ్వో, అక్షరమో?"

అతను రేణునీ రాజ్‌నీ చూస్తూనే చెప్పాడు. "ఏదో ఉంటుంది ఆంటీ. ప్లెయిన్ అనుకుంటా."

"పదహారో వరస ఇంకా చూడలేదుగా. నది పక్కది. నేను ఒకసారి వినొస్తాను."

మెషిన్ భుజాన వేసుకుని నడిచాను. నీటి అంచున గడ్డి తడిగా, పొడుగ్గా ఉంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకోగానే రేణు గుసగుసలూ రాజ్ గుసగుసలూ ఆగిపోయాయి. మెషిన్ కింద పళ్ళెం అటూ ఇటూ ఊపుతూ పోయాను, ఒక మేకు, ఒక తుప్పు గొలుసు, మళ్ళీ ఏమీ లేదు. మంచులో నా చేతులు కూడా నాకు సరిగ్గా కనబడలేదు. మా ఆయన పక్కన నడుస్తున్నట్టే అనిపించింది. ఆయనెప్పుడూ అనేవాడు, తొందరపడకే, నేల ఎక్కడికీ పోదు అని. వంగి, బొరిగెతో మూడువైపులా కోసి, గడ్డి తిప్పాను. చాలాసేపు మోకాళ్ళ మీదే ఉన్నాను. తర్వాత కేకేశాను.

ముగ్గురూ పరిగెత్తుకొచ్చారు. ముందుగా వచ్చింది అనీషే. నా వేళ్ళ మధ్య, బురదలో, పుస్తె. అతను లాక్కుని ప్యాంటుకి తుడిచాడు. తన మెషిన్ తెచ్చి, రెండు పుస్తెలూ రాతి మీద పెట్టి ఒకదాని తర్వాత ఒకటి వినిపించుకున్నాడు.

"ఫిఫ్టీ ఎయిట్," అన్నాడు. రెండోదాని మీద ఆగాడు. మళ్ళీ ఊపాడు. "ఇది ఫిఫ్టీ త్రీ. తక్కువ. ఇంత అరిగిపోయి ఉందేంటి? ఎనిమిదేళ్ళేగా అయింది మా పెళ్ళయి?"

 రేణు ఒక్కసారి నా కళ్ళలోకి చూసి, వెంటనే అతనివైపు తిరిగింది.

"పుట్టింటిది కదా అనీష్. వాళ్ళమ్మ పుస్తెనే కూతురికి కట్టి ఉంటారు. చాలామంది అలాగే చేస్తారు. నీకు నమ్రత చెప్పలేదా?"

అతను ఒక్క క్షణం కూడా ఆగలేదు. తెలియదని ఒప్పుకోవడం ఆ మనిషికి చేతకాదు.

"చెప్పింది, చెప్పింది. వాళ్ళమ్మదే. నాకు తెలుసు. ఇదే." నీళ్ళవైపు చాలాసేపు చూశాడు. "అయితే ఇక్కడే తెగింది. ఇక్కడే దిగింది." మెషిన్ వెనక బటన్ నొక్కి ఆపేశాడు. పదహారు వరసల తాళ్ళూ తనే చుట్టుకుని, రెండు పుస్తెలూ చొక్కా జేబులో వేసుకుని, తొమ్మిదీ నలభైకి వెళ్ళిపోయాడు. ఈసారి అద్దంలో వెనక్కి చూడలేదు.

కారు చప్పుడు పూర్తిగా పోయాక రాజ్ తడి గడ్డిలో కూలబడ్డాడు.

"ఐ డోంట్ గెట్ ఇట్. ఆంటీ, నిన్న రాత్రి నమ్రతతో వీడియో కాల్ మాట్లాడాను. ఇలాంటిదే ఒకటి చెయిన్‌కి కట్టి మెడలోనే వేసుకుంది, లాకెట్ అనుకున్నాను. ఇక్కడ ఎలా దొరుకుతుంది?"

రేణు నా పక్కన కూర్చుని, బురదగా ఉన్న నా చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. ఆమెకి అర్థమైపోయింది, కానీ నేనే చెప్పాలని ఊరుకుంది.

"ఆయన పోయిన పదో రోజున తాడు తెంపారు బాబూ," అన్నాను. "అత్తింటిది మా ఆడపడుచు అడిగి పట్టుకెళ్ళింది. పుట్టింటిది నా చిల్లర సంచిలో వేసుకుని తిరుగుతున్నాను, పదకొండేళ్ళ నుంచి. అతను పట్టుకెళ్ళింది మా అమ్మ నాకు పెట్టింది."

ముద్దాడ సుబ్బులు
వయసు అరవై తొమ్మిది
ఇప్పుడు ఉంటున్నది టెక్సాస్, ఫ్రిస్కోలో